ఎఫ్‌సీ కాగితంలో ఇంకొక్క గడి: రవాణా కమిషనర్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల రవాణా కమిషనర్లకు,

అయ్యా,

పాత పికప్ కొనడానికి వెళ్ళిన మనిషి మొదట ఏం చేస్తాడో మీకు తెలియనిది కాదు. డోరు తీస్తాడు, తాళం తిప్పుతాడు, మీటరు వంక చూస్తాడు. ఎనభై వేలు కనిపిస్తే బేరానికి కూర్చుంటాడు. మూడు లక్షలు కనిపిస్తే డోరు వేసేసి పక్క బండి దగ్గరికి పోతాడు. మూడు లక్షల బండ్లలో ఇంకో లక్ష నిక్షేపంగా తిరగగలిగినవి ఉన్నాయి. ఎనభై వేల బండ్లలో మూడు లక్షలు తిరిగి, మీటరు వెనక్కి తిప్పించుకుని వచ్చినవీ ఉన్నాయి. ఏది ఏదో బయటి మనిషికి నికరంగా తెలిసే దారి లేదు. మీ శాఖకు మాత్రం ఉంది. రవాణా వాహనం కాబట్టి ఎనిమిదేళ్ళ వయసు వరకు రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కోసం ఆ బండి మీ తనిఖీకి వచ్చి తీరాలి. మీ బ్రేక్ ఇన్‌స్పెక్టరు లైట్లు చూస్తాడు, బ్రేకు చూస్తాడు, ఛాసిస్ నంబరు చూస్తాడు. మీటరులోని అంకె కూడా ఆయన కళ్ళెదుటే ఉంటుంది. కొనేవాడి చేతికొచ్చే ఎఫ్‌సీ కాగితంలో మాత్రం ఆ అంకెకు చోటు లేదు.

ఆ ఒక్క గడి అడగడానికే ఈ ఉత్తరం. అది ఎందుకు కావాలో మీకు తెలియాలంటే, అది లేనందువల్ల కొనేవాడు ఎన్ని తిప్పలు పడాలో వినాలి. చుట్టాలకూ ఊరివాళ్ళకూ బండి చూసిపెట్టడం చాలాకాలంగా నాకు అంటుకున్న పని, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. మీకు రాసిన ఈ ఉత్తరాన్ని బండి కొనబోయేవాడెవడైనా దారిలో చదువుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

కొనేవాళ్ళు ఎవరో ముందు చెప్పాలి. కొత్త బొలెరో పికప్‌కి డౌన్ పేమెంటు కట్టలేని డ్రైవరు, ఇక సొంత బండి పెట్టుకుందామనుకుని ఆటో కన్సల్టెన్సీ మెట్లెక్కుతాడు. మదనపల్లె మార్కెట్టుకు టమాటా తోలే రైతు, భీమవరం వైపు చేపల ట్రేలు మోసేవాడు, హైదరాబాద్ శివార్లలో నీళ్ళ క్యాన్లు వేసే కుర్రాడు కూడా అక్కడికే వస్తారు. ఇంజను బోరుకొచ్చిందంటే వీళ్ళకు ఆ నెల కిస్తీ ఆగుతుంది. రెండు మూడు కిస్తీలు ఆగితే ఫైనాన్సువాళ్ళు బండిని యార్డుకు తోలుకుపోతారు. అదే బండి మళ్ళీ వేలంలో ఇంకొకడి చేతికి వస్తుంది, బహుశా ఈసారి ఇంకొంచెం తక్కువ కిలోమీటర్లతో.

నా దగ్గరికి వచ్చినవాళ్ళతో నేను మొదట చెప్పేది ఒకటే: ఎంత తిరిగిందని తర్వాత అడుగు, ఏ లోడు లాగిందని ముందు అడుగు. పాల వ్యాను సంగతి చూడండి. పొద్దున, సాయంత్రం అదే రూటు. రోజుకు నూట యాభై కిలోమీటర్లు వేసుకున్నా ఏడాదికి యాభై నాలుగు వేలు దాటుతుంది, ఆరేళ్ళకు మూడు లక్షలు దాటుతుంది. అయినా దాని మీద లోడు ఎప్పుడూ ఒకే తీరు. వేడెక్కిన ఇంజను గంటల తరబడి ఒకే వేగం మీద నడుస్తుంది. బండి దారిలో ఆగితే పాలు విరుగుతాయి కాబట్టి ఓనరు ఆయిల్ మార్చడం వాయిదా వేయడు. అలాంటి బండికి మీటరు చూసి భయపడేవాడు మంచి బేరం వదులుకున్నట్టే.

నీళ్ళ క్యాన్ల బండి దీనికి పూర్తిగా తిరగేసిన కథ. రోజంతా తిరిగినా ఇరవై కిలోమీటర్లు దాటదు. మొదటి గేరు, రెండో గేరు, ఆపడం, మళ్ళీ స్టార్టు చేయడం. ఇరవై లీటర్ల క్యానంటే ఇరవై కిలోలు. ముప్పావు టన్ను మోయడానికి చేసిన చిన్న ట్రాలీకి ముప్పై ఏడు క్యాన్లతోనే లెక్క సరి. మీ ఆఫీసు ముందు నుంచి వెళ్ళే బండిలో ఎన్ని ఉన్నాయో కిటికీలోంచి ఒకసారి లెక్కపెట్టండి. అలాంటి బండి నలభై వేలకే క్లచ్ ప్లేటు, స్టార్టరు మోటారు, వెనక కమాన్లు అన్నీ అయిపోయి ఉంటుంది. మీటరు మాత్రం కొత్త బండిలా నవ్వుతూ ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ ఇవ్వడానికి 9,260 బండ్లు రోడ్డెక్కాయి, 2025 జూన్ నుంచి ఆ పని ఆగింది. ఆ పథకం మంచిచెడ్డల జోలికి నేను పోను. అలాంటి బండి ఒకటి అమ్మకానికి వస్తే మాత్రం మీటరులో తక్కువ కిలోమీటర్లు చూసి మురిసిపోకూడదు. అది వీధి మలుపు మలుపునా ఆగుతూ, బియ్యం బరువు మోస్తూ గంటలు గడిపిన బండి.

ఓనరు ఏ లోడు లాగాడో చెప్పకపోయినా బండే చెబుతుంది. ఫ్లోరు మీద గుండ్రటి ముద్రలుంటే పాల క్యాన్లు. మూలల్లో ఎర్రటి దుమ్ము గట్టిపడి ఉంటే ఇటుకలు. ఛాసిస్ మీద బూడిద రంగు గడ్డలు అంటుకుని ఉంటే సిమెంటు. ఫ్లోరు షీట్ల అతుకుల దగ్గర వంగి వాసన చూస్తే చేపల బండి దాగదు. చేపలు, రొయ్యల బండ్ల దగ్గర మరీ జాగ్రత్త కావాలి. కరిగిన ఐసు నీళ్ళూ ఉప్పూ కలిసి ఫ్లోరు సందుల్లోంచి ఛాసిస్ మీదికి కారుతూ ఉంటాయి. పైన బాడీకి కొత్త రంగు మెరుస్తుంటుంది, కింద కమాన్ బ్రాకెట్లు పొరలు పొరలుగా ఊడుతుంటాయి. స్క్రూడ్రైవరు మొన పెట్టి గట్టిగా పొడిచి చూడాలి. ఇనుమైతే టక్కుమంటుంది, తుప్పయితే లోపలికి దిగుతుంది.

ఇక కమాన్ కట్టలు. కంపెనీ ఇచ్చిన పట్టీల కంటే ఒకటో రెండో ఎక్కువగా ఉన్నాయంటే, ఆ బండి ఏ బరువు మోసిందో వేరే సాక్ష్యం అక్కర్లేదు. అదనపు పట్టీ రంగు తేడాగా ఉంటుంది, యూ బోల్టులు పొడవుగా కొత్తవిగా ఉంటాయి. అమ్మే ముందు ఆ పట్టీ తీసేసేవాళ్ళు కూడా ఉన్నారు. అప్పుడు పొడవాటి యూ బోల్టే మిగిలిపోయి విషయం బయటపెడుతుంది.

ఇప్పుడు అసలు మీటరు దగ్గరికి వస్తాను. కేబుల్ మీటర్ల కాలంలో విప్పి అంకెల చక్రాలు తిప్పేవాళ్ళు. డిజిటల్ మీటరు వచ్చాక ఆ బాధ పోతుందనుకున్నాం, ఇప్పుడు ఆ పనికి ల్యాప్‌టాప్ పట్టుకొస్తున్నారు. అదీ అక్కర్లేదనుకునేవాడు సెన్సర్ వైరు ఊడదీసి నెలల తరబడి నడుపుతాడు. అందువల్ల కొనేవాడు అపరాధ పరిశోధకుడి అవతారం ఎత్తక తప్పడం లేదు. టైరు పక్కగోడ మీద డీఓటీ అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 3521 అని ఉంటే 2021లో 35వ వారంలో తయారైన టైరని అర్థం. ముప్పై వేలు తిరిగిందని చెప్పే బండికి నాలుగు టైర్లూ బండి పుట్టిన మూడేళ్ళ తర్వాతవి అయితే, కంపెనీ టైర్లు ఏమయ్యాయో ఓనరు చెప్పాలి. స్టెప్నీ టైరును అందరూ మర్చిపోతారు. దాన్ని కూడా కిందికి దింపించి చూడాలి.

క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ చక్రం మీద చేతులు ఆనే చోటు, డ్రైవరు సీటు అంచు, డోరు బందులు, ఇవన్నీ మీటరుతో సంబంధం లేకుండా అరుగుతాయి. యాభై వేల బండికి పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఇనుము తేలిందంటే లెక్క కుదరలేదు. అన్నీ పాతగా ఉండి పెడల్ రబ్బర్లు మాత్రం కొత్తవైతే మరీ అనుమానించాలి. ఓనరును వెంటబెట్టుకుని కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్తే, బండి అక్కడికి వచ్చిన ప్రతిసారీ జాబ్ కార్డులో రాసిన కిలోమీటర్లు దొరుకుతాయి. వారంటీ అయిపోయాక చాలా బండ్లు ఆటోనగర్ మెకానిక్కుల చేతుల్లోకి పోతాయి కాబట్టి ఆ చరిత్ర అక్కడితో తెగిపోతుంది. ఆ తర్వాతి కాలానికి నాకు పనికొచ్చేది ఫాస్టాగ్ స్టేట్‌మెంటు. ఓనరు తన ఫోనులోంచే తీసి చూపించగలడు. వారానికి మూడుసార్లు హైదరాబాద్ నుంచి పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు దాటి విజయవాడ వచ్చి వెళ్ళిన బండి ఏడాదిలో ఆ ఒక్క రూటులోనే ఎనభై వేలు దాటుతుంది. స్టేట్‌మెంటు చూపించనంటే అదీ ఒక సమాధానమే.

అయ్యా, గమనించారా? టోల్‌గేటు దగ్గర, సర్వీసు సెంటరులో, టైరు గోడ మీద ఇలా ముక్కలు ముక్కలుగా వెతుక్కుంటున్నది మీ ఇన్‌స్పెక్టరు ఒక్క నిమిషంలో చూసి వదిలేసిన అంకెనే.

అంకె నిజమేనని తేలినా చూడాల్సింది ఇంకా చాలా ఉంది. ఇంజను చూడ్డానికి పొద్దున్నే వెళ్ళాలి, చెప్పకుండా వెళ్తే ఇంకా మంచిది. మనం వెళ్ళేసరికి బండి స్టార్టులో ఉంటే, చల్లటి ఇంజను గుట్టు దాచిపెట్టడానికి ముందే వేడి చేసి ఉంచారన్నమాట. అప్పుడు టీ తాగి రండి, వీలైతే మర్నాడు రండి. చల్లటి డీజిల్ ఇంజను మొదటి తిప్పుడులో కాస్త పొగ వదలడం తప్పు కాదు. ఆ పొగ ఏ రంగులో ఉంది, ఎంతసేపు ఉంది అన్నదే ముఖ్యం. నీలం రంగు తేలితే ఇంజను ఆయిల్ కాలుతోంది. రింగులు, వాల్వు గైడ్లు, టర్బో, వీటిలో ఏదో ఒకటి పోయింది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నల్లగా చిమ్మితే ఎయిర్ ఫిల్టరో ఇంజెక్టర్లో చూడాలి. ఇది కొంత చౌకగా పోవచ్చు. వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకపోతే నీళ్ళు సిలిండరులోకి దిగుతున్నాయేమో చూడాలి, అది హెడ్ పని.

స్టార్టులో ఉండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి, దాని మీద అలాగే పెట్టి చూడండి. సన్నగా ఆవిరి వస్తే ఫరవాలేదు. మూత ఎగిరెగిరి పడుతూ పొగ కుప్పలుగా తన్నుతుంటే బ్యాక్ కంప్రెషన్ కొడుతోందని మెకానిక్కు చెప్పకముందే మీకు తెలిసిపోతుంది. దాన్ని దాచడానికి అమ్మేవాళ్ళు చిక్కటి ఆయిలు పోస్తారు. డిప్‌స్టిక్ చివర నుంచి ఆయిలు తీగ సాగుతూ కారితే అడగాల్సింది అడగండి. రేడియేటరు మూత ఇంజను చల్లగా ఉన్నప్పుడే తీయాలి, లేకపోతే చేయి కాలుతుంది. అందులో కూలెంటు ఉందా, తుప్పు రంగు నీళ్ళున్నాయా చూడాలి. స్టార్టు చేశాక ఆగకుండా బుడగలొస్తే, లేదా నూనె తెట్టు తేలితే, బేరం కూడా అక్కడే ఆపేయవచ్చు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లకు ఇంకొక పరీక్ష ఉంది. తాళం ఒక మెట్టు తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైట్లన్నీ వెలగాలి, స్టార్టు కాగానే ఆరిపోవాలి. ఆరకపోతే సెన్సరో పొగ ఫిల్టరో ఇబ్బంది పెడుతోంది. అసలు వెలగనే లేదంటే అంతకంటే పెద్ద సంగతి, ఆ లైటునే ఎవరో చంపేశారు. ఈ బండ్ల పొగ గొట్టం దారిలో ఉన్న సామాను ఖరీదు తెలియక పాత బీఎస్-3 రోజుల లెక్కతో కొన్నవాళ్ళు దెబ్బతింటున్నారు. స్కానరు ఉన్న మెకానిక్కుకు నాలుగు డబ్బులిచ్చి లోపల నమోదైన లోపాలు చదివించుకోవడం మేలు. కొన్ని బండ్లలో మీటరు తిప్పినా లోపలి కంప్యూటరులో పాత లెక్క మిగిలిపోతుంది, అదృష్టం బాగుంటే అదీ దొరుకుతుంది.

తళతళా కడిగిన ఇంజను చూస్తే నాకు భయం. నీళ్ళు కొట్టించి, నల్ల పాలిష్ పూసి పెడితే ఏ లీకూ కనపడదు. అలాంటి బండిని ఇరవై కిలోమీటర్లు నడిపించి మళ్ళీ బానెట్ తీయాలి. ఛాసిస్‌కు కొత్తగా కొట్టిన నల్ల రంగు సంగతీ అంతే. బండిని వాటర్ సర్వీసు ర్యాంపు ఎక్కించి కిందికి దిగి టార్చి వేసి చూడకుండా ఏ పికప్పూ కొనకూడదని నా ఖచ్చితమైన అభిప్రాయం. క్యాబిన్ వెనక, బాడీ మొదలయ్యే చోట ఛాసిస్ చూడండి. ఓవర్‌లోడు బండ్లు ఎక్కువగా అక్కడే చిట్లుతాయి, అక్కడే పట్టీ వేసి వెల్డింగు చేస్తారు. వెల్డింగు గీత రంగు కింద కూడా ఉబ్బుగా చేతికి తగులుతుంది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ప్రింటు తీసి ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. మీ ఆఫీసులో ఎలాగూ అడిగేదే, డబ్బులిచ్చే ముందే తీసుకుంటే మంచిది.

విజయవాడలో ఉంటూ వరద మాట ఎత్తకుండా ఉండలేను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచినప్పుడు ఎన్ని వాహనాలు మునిగాయో మీ శాఖకు నాకంటే బాగా తెలుసు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లోనూ అదే జరిగింది. మునిగిన బండ్లన్నీ తుక్కుకు పోవు. ఎండబెట్టి, సీటు గుడ్డ మార్చి, ఇంకో జిల్లాలో అమ్మేవాళ్ళుంటారు. సీటు కింద బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయా, ఫ్యూజు బాక్సు మూలల్లో ఒండ్రు ఉందా, హెడ్‌లైటు లోపల నీటి గీత ఉందా, గేర్‌బాక్సు ఆయిలు పాలరంగుకు తిరిగిందా చూడాలి. వైరింగు లోపలి పచ్చటి చిలుము మాత్రం ఆరు నెలల తర్వాత గానీ బయటపడదు. అప్పటికి కన్సల్టెన్సీ బోర్డు మారిపోయి ఉంటుంది.

ఖాళీ బండిని నడిపి చూసి సరే అనేవాళ్ళు చాలామంది. ఖాళీ బండి అందరికీ మర్యాదగానే నడుస్తుంది. ఓనరును ఒప్పించి కనీసం అర టన్ను బరువు వేయించి, ఎత్తున్న రోడ్డు ఎక్కించాలి. మూడో గేరులో ఇంజను కేక పెడుతూ బండి మాత్రం ముందుకు పోకపోతే క్లచ్ జారుతోంది. వాలులో యాక్సిలరేటరు వదిలినప్పుడు గేరు తనంతట తనే న్యూట్రల్‌లోకి ఊడిపడితే గేర్‌బాక్సు పని ఉంది. వేగం పెంచినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా వెనక నుంచి ఊళ వినిపిస్తే క్రౌన్ పినియన్ అరిగింది. రివర్స్ వేయగానే కింద టక్కుమంటే జాయింటు క్రాసులు. ఇది చిన్న ఖర్చే, దీన్ని చూపించి ధర తగ్గించమని అడగవచ్చు. బ్రేకు తొక్కితే స్టీరింగు ఒక పక్కకు లాగినా, జాకీ మీద లేపిన ముందు చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఆట ఉన్నా రాసి పెట్టుకోండి. పాత బండిలో ఇవన్నీ బాగుండాలని నేను అనను. ఏది ఎంతకు బాగవుతుందో తెలిసి కొనడం వేరు, తెలియక కొనడం వేరు.

కాగితాల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది మీ ఇంటి సంగతి. ఫారం 29, 30 మీద ముందే సంతకాలు పెట్టించుకుని, తేదీ ఖాళీగా ఉంచి, ముగ్గురు నలుగురు చేతులు మార్చేదాకా బదిలీ చేయించకపోవడం మార్కెట్టులో రివాజు అయిపోయింది. దానివల్ల ఆర్‌సీలో ఇద్దరు ఓనర్లని కనిపించే బండికి నిజంగా ఐదుగురు ఉంటారు. అమ్మినవాడికీ ముప్పే. ఆర్‌సీలో పేరు మారకపోతే ప్రమాదానికి పరిహారం పాత యజమాని మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. రాష్ట్రంలోపల అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో తెలపాలని చట్టం. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో పేరు మార్చమని అడగాలి. ఫైనాన్సు తీరిన బండైతే ఫారం 35తో పాటు ఫైనాన్సు కంపెనీ ఎన్‌ఓసీ అసలు ప్రతి చేతిలో ఉండాలి, జిరాక్సు పనికిరాదు. పెండింగు చలానాలూ పన్ను బకాయిలూ ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. ఇంకొకటి చాలామందికి తెలియదు. మొత్తం బరువు (జీవీడబ్ల్యూ) 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పికప్‌లలో ఒకటి ఆ గీతకు ఇటు, ఒకటి అటు ఉండవచ్చు. ఆర్‌సీలో జీవీడబ్ల్యూ చదవకుండా కొంటే రోడ్డు మీద మొదటి తనిఖీలో తెలుస్తుంది.

ఇక నా మనవి. ఎఫ్‌సీ ఇచ్చిన ప్రతిసారీ మీటరులోని కిలోమీటర్లు నమోదు చేయించండి. ఆ బండికి అంతకుముందు నమోదైన అంకెలన్నీ, తేదీలతో సహా, రిజిస్ట్రేషన్ నంబరు కొడితే ఎవరికైనా కనిపించేలా పెట్టించండి. ఓనరు పేరు, చిరునామా ఏవీ అక్కర్లేదు. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో మీటరు అంకె రాస్తారు, బండి నంబరు తెలిసిన ఎవరైనా ఆ వరసంతా ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. బెల్జియంలో 2006 నుంచి కార్-పాస్ అనే కిలోమీటర్ల చరిత్ర పత్రం ఇవ్వకుండా పాత కారు అమ్మడానికి లేదు. అంత దూరం వెళ్ళక్కర్లేదు. 2022 డిసెంబరులో కేంద్రం పాత వాహనాల డీలర్ల కోసం తెచ్చి, 2023 ఏప్రిల్ నుంచి అమలు చేసిన నిబంధనల్లోనే, డీలరు దగ్గరున్న బండి ఏ పనికి బయటికెళ్ళింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది ఎలక్ట్రానిక్ రిజిస్టరులో రాయాలని ఉంది. డీలరు షెడ్డు నుంచి పెట్రోలు బంకు దాకా తిరిగిన లెక్క అడుగుతున్నాం, అంతకుముందు పదేళ్ళు తిరిగిన లెక్క మాత్రం అడగడం లేదు.

ఫారాలు కేంద్ర నిబంధనలవి, మీ చేతిలో లేవు అనవచ్చు. నిజమే. కానీ తనిఖీ మీ రాష్ట్రంలో జరుగుతుంది, ఫారంలో గడి పెట్టమని కేంద్రానికి రాయాల్సింది మీరే. ఆలోగా మీ స్థాయిలో నమోదు చేసి చూపించడానికి ఏ మేరకు వీలుందో మీ న్యాయ విభాగం చెప్పగలదు. ఎఫ్‌సీకి ముందే మీటరు తిప్పుకుని వస్తారు కదా అనవచ్చు. రానివ్వండి. ఒకసారి అంకె రికార్డుకెక్కాక తర్వాతి ఏడు దానికంటే తక్కువ చూపించడం కుదరదు. సెన్సరు ఊడదీసి నడిపితే సరుకు బండి ఏడాదంతా రెండు వేల కిలోమీటర్లే తిరిగినట్టు కనపడుతుంది, అది చూసి కొనేవాడు అడగాల్సింది అడుగుతాడు. మీటరు పనిచేయకపోతే అన్న ప్రశ్న కూడా వస్తుంది. స్పీడోమీటరు పనిచేయాలని మోటారు వాహనాల నియమాల్లో 117వది ఎప్పటి నుంచో చెబుతోంది. మీటరు పనిచేయని బండికి ఎఫ్‌సీ ఎలా వస్తోందన్నది నేను అడగాల్సిన ప్రశ్న, దాని జోలికి ఈ ఉత్తరంలో పోవడం లేదు.

ఈ రికార్డు లేకపోవడం వల్ల ఎవరికి నష్టమో కూడా చెప్పాలి. మూడు లక్షలు నిజాయతీగా తిరిగిన బండిని నిజం చెప్పి అమ్మేవాడికి ఇవాళ నష్టం జరుగుతోంది. పక్క షెడ్డులో అదే మోడలు, అదే సంవత్సరం బండి లక్ష చూపిస్తుంటే అతని మాట ఎవడు వింటాడు? విసిగి చివరికి అతనూ మీటరు తిప్పే కుర్రాడి నంబరు అడుగుతాడు. రికార్డు ఉంటే పాల వ్యాను ఓనరు తన మూడు లక్షలను ధైర్యంగా చెప్పుకోగలడు, దానికి తగ్గ ధర అడగగలడు.

అన్ని బండ్లకూ ఒకేసారి కష్టమైతే ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండ్లతో మొదలుపెట్టండి. అవి ఏటా వస్తాయి కాబట్టి మూడేళ్ళు తిరిగేసరికి ఒక్కో బండికి మూడు నాలుగు అంకెలు చేరతాయి. కొనేవాడికి ఆ మాత్రం చాలు. గడి మంజూరయ్యేదాకా ఖాళీగా ఉండనక్కర్లేదు. రేపు ఎఫ్‌సీకి వచ్చే ప్రతి పికప్ మీటరునూ తాళం తిప్పి ఉంచి ఒక ఫొటో తీసి ఆ బండి ఫైలులో పెట్టమని ఇన్‌స్పెక్టర్లకు ఒక సర్క్యులర్ పంపండి. కేంద్రం నుంచి జవాబు వచ్చే రోజుకు మీ దగ్గర పాత అంకెలు సిద్ధంగా ఉంటాయి.

ఇట్లు,
అడిగినవాళ్ళకు బండ్లు చూసిపెట్టే ఒక విజయవాడ వాసి